తొమ్మిది వందల అకార్డియన్

ముందు చిల్లర తెచ్చుకో, అంది ఐలీ కోస్కెలా.
నలభై ఒంటి డాలర్లు, రెండు చుట్టల క్వార్టర్లు.
మొదట వచ్చినవాడు ఇరవై నోటే చాపుతాడు
యాభై సెంట్ల గరిటెకి.
చిల్లర లేక బోణీ చెడిందా,
సాయంత్రం దాకా నీ మొహం అలాగే ఉంటుంది.

ఏడింటికని బోర్డు మీద రాస్తే ఆరింటికే దిగుతారు.
కసురుకోకు. కాఫీ కప్పు పట్టుకుని ఉండు,
చెయ్యి ఖాళీగా ఉంటేనే కోపమొస్తుంది.

డులూత్‌లో మా వీధి
కొండ మీంచి సరస్సులోకి జారిపోతున్నట్టుంటుంది.
బల్లలకి ఒక పక్క కాళ్ళ కింద ఇటుకలు పెట్టాం,
లేకపోతే నా పింగాణీ కప్పులన్నీ
వరసగా స్నానానికి బయల్దేరేవి.
జూన్ నెలే, అయినా అందరికీ ఉన్ని టోపీలు.
పొగమంచులో ఎక్కడో ఒక ఓడ
అప్పు వసూలుకొచ్చినవాడిలా కేకేస్తోంది.

పనిముట్లు రోడ్డు వైపు పెట్టు.
రెంచీ కనబడితే పికప్పులు వాటంతటవే ఆగుతాయి.
బట్టలు తాడు మీద వెయ్యి,
నేల మీద కుప్ప పోస్తే ఊరికే ఇచ్చినా ముట్టరు.
పజిల్ పెట్టె మీద నిజం రాయి:
“ఆకాశంలో మూడు ముక్కలు లేవు.”
అబద్ధమూ అమ్ముడుపోతుంది గానీ
కొన్నావిడ ఇదే వీధిలో ఉంటుంది.

రేపు నువ్వే కొనడానికి వెళ్తావు చూడు, అప్పుడు
దీపమైతే ప్లగ్గు ఎక్కడుందని అడుగు.
కోటైతే జిప్పు పైకీ కిందికీ లాగు.
కుర్చీలో కూర్చో; లేచేటప్పుడు అది ఏమంటుందో విను.
నచ్చినదాన్ని నచ్చినట్టు చూడకు,
కానీ చంకలోంచి మాత్రం దించకు.
ధర అడిగి నోరు మూసుకో,
ఊరుకుంటే చాలు డాలరున్నర తగ్గుతుంది.
మూడు దాటాక వెళ్ళావంటే
అమ్మేవాళ్ళ నడుములే నీ తరఫున బేరమాడతాయి.

ఇన్ని చెప్పిన మనిషి
తన అకార్డియన్ మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది,
తొమ్మిది వందలని టేపు అంటించి.
“ఆ ధరకి ఎవరు కొంటారు?”
“కొనకూడదనే. పదకొండేళ్ళుగా
ఎవరు సేల్ పెట్టినా తెస్తాను.
ఎవరో ఒకరు అడుగుతారు, పలుకుతుందా అని.
పలుకుతుందని చూపించాలి కదా.
ఇంట్లో వాయిస్తే
పై వాటావాళ్ళు నేల తంతారు.”

మధ్యాహ్నం దాకా నలుగురు అడిగారు.
నాలుగుసార్లు చూపించింది.

అయిదోవాడు ఆర్లన్ స్ట్రాండ్, కప్పులు వేసే పని,
గోళ్ళ కింద తారు.
ఏమీ అడగలేదు.
ఇరవై నోట్లు నలభై అయిదు లెక్కపెట్టి
నా డబ్బు డబ్బా పక్కన పేర్చాడు.

బేరమాడనివాడితో ఏం చెయ్యాలో
ఐలీ నాకు చెప్పలేదు. తనకీ తెలిసినట్టు లేదు.
“ఒక మీట అతుక్కుపోతుంది,” అంది.
“గీకితే సరి.”
“తిత్తికి చిల్లుంది.”
“కప్పు చిల్లులే పూడుస్తాను నేను.”
“బరువు. పన్నెండు కిలోలు.”
“నిచ్చెనల మీద అంతకంటే మోస్తాను.”
అమ్మేది తిడుతోంది, కొనేవాడు మెచ్చుకుంటున్నాడు;
నేను డబ్బా మూత తెరిచి మూస్తూ నిలబడ్డాను.

చివరికి, “పోనీ, ఒకసారి వినిపించు,” అన్నాడు.

పట్టీలు భుజాలకి తగిలించుకుంది.
పొద్దుట్నుంచీ అందరికీ వినిపించిన ముక్క కాదది.
పెద్దది. మధ్యలో ఎక్కడో తప్పిపోయి,
వెనక్కి వెళ్ళి వెతుక్కుని, మళ్ళీ అందుకుంది.
గరిటెలు తిరగేస్తున్న ఇద్దరాడవాళ్ళు
గరిటెలు పట్టుకునే ఉండిపోయారు.
అతుక్కుపోతుందన్న మీట
ఎక్కడా అతుక్కోలేదు.

ఆర్లన్ నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
పక్కనున్న వాఫుల్ పెనం తీసి తిప్పి చూశాడు,
వైరు లాగి చూశాడు.
దాని మీద మూడు డాలర్లని ఉంది.

“రెండు,” అన్నాడు.

“రెండున్నర,” అంది ఐలీ,
పట్టీలు ఇంకా విప్పకుండానే.